డైరెక్టర్స్ కట్ గారికి, ఒక బిర్యానీ బాకీ గురించి

మహారాజశ్రీ డైరెక్టర్స్ కట్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమంగానే ఉంటారని తెలుసు. తమకేమండీ, థియేటర్ కోసం కోసేసిన సీన్లన్నీ మళ్లీ కలుపుకుని, డైరెక్టర్ అనుకున్న అసలు సినిమా అంటూ తర్వాత దిగేవారు, చూసిన ప్రతిసారీ ఇంకో అరగంట ఒళ్లు చేసే కనిపిస్తారు. ఇక్కడ మేమే అంతంత మాత్రంగా ఉన్నాం.

మొన్న ఆదివారం మా అక్కావాళ్లు భోజనానికి వచ్చారు. చేపల పులుసు తిని కాస్త నడుం వాలుద్దాం అనుకుంటుంటే, తొమ్మిదో క్లాసు చదివే మా మేనల్లుడు నా ఫేస్‌బుక్‌లో పాత పోస్టులు తవ్వాడు. తవ్వి ఊరుకోలేదు. హాల్లో ఫ్యాన్ కింద నిలబడి, 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' సినిమా మీద నేను రాసినవన్నీ తేదీలతో సహా పైకి చదివాడు.

2013 ఆగస్టు: "బెన్ అఫ్లెక్ బ్యాట్‌మ్యాన్ ఏంటి? నేనీ సినిమా చూడను. వద్దని ఆన్‌లైన్‌లో సంతకం కూడా పెట్టాను." 2015 జులై, ట్రైలర్ వచ్చిన రోజు: "అఫ్లెక్ తప్ప ఈ వేషం ఇంకెవరూ వెయ్యలేరు. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా." 2016 మార్చి 25 రాత్రి: "ఇలాంటి సినిమా మళ్లీ రాదు." అదే ఏడాది ఏప్రిల్ 2: "ఇలాంటి సినిమా మళ్లీ రాకూడదు." జులైలో మళ్లీ: "కొన్ని సినిమాలు అర్థం కావాలంటే ఒక స్థాయి ఉండాలి."

మా బావకి నవ్వి నవ్వి పొలమారింది. మా అక్క మాత్రం నవ్వలేదు. "సంబంధాలు ఎందుకు కుదరట్లేదో ఇప్పుడు అర్థమైంది" అని గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అయ్యా, ఆ నింద నాది కాదు, తమరిది. మారింది నేను కాదు, సినిమా. అది వాళ్లకి చెప్పే ఓపిక లేక తమరికే రాస్తున్నాను.

ఆ మార్చి 25 సంగతి తమరికి తెలిసినా చెప్తాను. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఎంసెట్ కోచింగ్ నడుస్తోంది. గుడ్ ఫ్రైడే అయినా మా కోచింగ్ సెంటర్‌కి సెలవు లేదు. కడుపునొప్పి అని చెప్పి నేనూ మా రూమ్మేటూ ఒకేసారి బయటపడ్డాం. ఇద్దరికీ ఒకే గంటలో నొప్పి రావడం వార్డెన్‌కి వింతగా అనిపించలేదు. హాస్టల్ సాంబారు మీద ఆయనకి ఉన్న నమ్మకం అలాంటిది.

'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్', 151 నిమిషాలు. నాకు నచ్చింది. అందరూ వెక్కిరించే ఆ మార్తా సీను కూడా నచ్చింది. సూపర్‌మ్యాన్‌ని చంపగల క్రిప్టనైట్ రాయితో చేసిన ఈటె ఎత్తి ఇక పొడిచేస్తాడు అనుకున్న బ్యాట్‌మ్యాన్, తన తల్లి పేరూ వీడి తల్లి పేరూ ఒకటేనని తెలిసి ఆగిపోతాడు. హాలంతా నవ్వింది. అమ్మ సెంటిమెంట్ మీద బతికిన పరిశ్రమ మనది. తప్పిపోయిన అన్నదమ్ముల్ని తల్లి పాడిన పాటతో కలిపిన జాతి, తల్లి పేరుతో కలిపితే నవ్వుతుందా? ఆ రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది.

బయటికొచ్చి ఆటో ఎక్కాక మా రూమ్మేటు అడిగాడు. "ఒరే, గోడల్లోంచి చూస్తాడు కదా. మరి ఆ చక్రాల కుర్చీలో బాంబు ఎందుకు కనపడలేదురా?"

"టెన్షన్‌లో ఉన్నాడ్రా."

"సూపర్‌మ్యాన్‌కి టెన్షనేంట్రా? ఎంసెట్ రాస్తున్నాడా?"

అక్కడ మొదలైంది. కాళ్లు పోగొట్టుకున్న కీఫ్ అనే మనిషి సూపర్‌మ్యాన్ మీద సెనేట్ విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఆ కుర్చీలో వస్తాడు. సూపర్‌మ్యాన్ అదే గదిలో నిలబడి ఉంటాడు. కుర్చీ పేలుతుంది, సభ మొత్తం బూడిద. ఆ కుర్చీని విలన్ లెక్స్ లూథర్ ఇచ్చాడు, సరే. కానీ కళ్లముందున్న బాంబు సూపర్‌మ్యాన్‌కెందుకు కనపడలేదు? వారంలోగా సినిమాలోంచే జవాబు చూపిస్తానని పందెం కాశాను. ఓడితే స్పెషల్ చికెన్ బిర్యానీ.

ఒక్కణ్ణే రెండోసారి వెళ్లాను. ఈసారి కుర్చీ తప్ప ఇంకేమీ చూడలేదు. చక్రాలు చూశాను, చేతులు పెట్టుకునే చోటు చూశాను, వెనక బ్యాటరీ చూశాను. జవాబు దొరకలేదు. పైగా సూపర్‌మ్యానే బాల్కనీలో నిలబడి తన ప్రియురాలు, విలేకరి లోయిస్‌తో తాను చూడలేదని, అసలు అటు దృష్టే పెట్టలేదని ఒప్పేసుకున్నాడు. నా తరఫు సాక్షే ఎదుటివాడి వైపు చెప్తే నేనేం వాదించను? బిర్యానీ కొన్నాను. 160 రూపాయలు. లెగ్ పీసు వాడు తిన్నాడు, నేను షేర్వా కలుపుకున్నాను. ఆ చేత్తోనే హాస్టల్‌కి వచ్చి ఏప్రిల్ 2 పోస్టు పెట్టాను.

జూన్ ఆఖర్లో తమరు దిగారు. అదే సినిమా, అల్టిమేట్ ఎడిషన్ అనే పేరుతో, 182 నిమిషాలు. ఒక పెన్‌డ్రైవ్‌లో వచ్చారు, ఎవరిచ్చారని అడక్కండి. రెండు గంటలు దాటాక, థియేటర్లో నేను చూడని ఒక సైంటిస్టు అమ్మాయి వచ్చి లోయిస్‌తో చెప్పింది. ఆ కుర్చీకి లోపల సీసం పూత ఉందట.

సీసం!

సూపర్‌మ్యాన్ చూపు సీసంలోంచి పోదు. కామిక్స్ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ తెలిసిన సంగతి. అంతే కాదు, లోయిస్ ఆ కీఫ్ ఇంటికి వెళ్లి ఫ్రిజ్ తెరిచి చూస్తుంది. సరుకులు నిండుగా ఉంటాయి. రేపు చావబోయేవాడు వారానికి సరిపడా సరుకులు కొనుక్కుంటాడా? అంటే కుర్చీలో బాంబు ఉందని కూర్చున్నవాడికీ తెలీదు. ఎంత చక్కటి సీను! ఇంటర్ చదివే నాకే అర్థమయ్యే సీను. దాన్ని తీసేసి ఏం ఉంచారయ్యా? వండర్ ఉమన్ కంప్యూటర్ ముందు కూర్చుని రాబోయే సినిమాల హీరోల వీడియోలు ఒక్కొక్కటీ తెరిచి చూడటం ఉంచారు. సినిమా మధ్యలో ఇంకో సినిమాకి ప్రకటన. పీచ్ టీ అని రాసిన సీసాలో ఉచ్చ పోసి సెనేటర్ ముందు పెట్టిన సీను ఉంచారు. సీసా ఉంచి సీసం తీసేశారు!

స్టూడియోవాళ్ల సంగతి వదిలెయ్. ఆటలు ఎక్కువ పడాలి, నిడివి తగ్గాలి, అది వాళ్ల వ్యాపారం. నా గొడవ నీతో. అవును, 'నువ్వు' అనే అంటున్నాను. సినిమా రిలీజవ్వకముందే, ఫిబ్రవరిలోనే నువ్వొస్తున్నావని వార్త వచ్చింది. అంటే నేను కడుపునొప్పి నటిస్తున్నప్పుడు నువ్వున్నావు. చీకట్లో కూర్చుని కుర్చీ చక్రాలు లెక్కపెడుతున్నప్పుడు నువ్వున్నావు. ఎక్కడో షెల్ఫులో కాలు మీద కాలేసుకుని, సీసం జేబులో పెట్టుకుని, నేను షేర్వా కలుపుకోవడం చూస్తూ కూర్చున్నావు. మూడు నెలలాగి వచ్చి, "ఇదీ అసలు సినిమా" అంటావా? మరి నేను డబ్బులిచ్చి రెండుసార్లు చూసిందేంటి, నకలా?

పరిగెత్తుకుంటూ వెళ్లి మా రూమ్మేటుకి చూపించాను. వాడు ప్రశాంతంగా చూశాడు. "బావుంది. కానీ చెల్లదు" అన్నాడు. "ఎందుకు చెల్లదు?" అంటే, "ఆన్సర్ షీట్ ఇచ్చేసి ఇంటికొచ్చాక ఆన్సర్ గుర్తొస్తే మార్కులేస్తారా?" అన్నాడు. అప్పటికి ఎంసెట్ ర్యాంకులు వచ్చేశాయి. నా ర్యాంకు తెలిసినవాడు ఆ మాట అంటే నోరెలా లేస్తుంది?

నీ వంశ చరిత్ర కూడా చూశాను. 'సూపర్‌మ్యాన్ 2'ని రిచర్డ్ డానర్ చాలావరకు తీశాక ఆయన్ని పక్కనపెట్టి రిచర్డ్ లెస్టర్‌తో పూర్తి చేయించారు. డానర్ కట్ 2006లో గానీ బయటికి రాలేదు. అమ్మల పేర్లు ఒకటైతే శత్రువులు కలిసిపోతారని సినిమాలో చూపిస్తారు గానీ, డైరెక్టర్ల పేర్లు ఒకటైనా పావు శతాబ్దం పట్టింది.

మా ఊరికీ పాకావు. 3 గంటల 20 నిమిషాల 'పుష్ప 2'కి 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపారు. మా బావ మళ్లీ టికెట్ కొని వెళ్లాడు. కలిపింది ఏ సీనో ఇప్పటికీ చెప్పలేడు.

2017లో 'జస్టిస్ లీగ్' వచ్చింది, 120 నిమిషాలు. కూతురు చనిపోయి డైరెక్టర్ జాక్ స్నైడర్ మధ్యలో తప్పుకుంటే జాస్ వీడన్ వచ్చి చాలా సీన్లు మళ్లీ తీశాడు. అప్పటికే సూపర్‌మ్యాన్ వేసే హీరోకి ఇంకో సినిమా కోసం మీసం పెంచక తప్పలేదట, తియ్యడానికి వీల్లేదట. దాంతో కంప్యూటర్‌లో గీకారు. మన దగ్గర లేని మీసాన్ని అంటించి మెలేయిస్తారు, వాళ్లు ఉన్న మీసాన్ని చెరిపి పైపెదవిని రబ్బరు చేశారు. ఆ రాత్రి పోస్టు మేనల్లుడు చదవబోతుంటే ఫోన్ లాక్కున్నాను.

తర్వాత మూడేళ్లకి పైగా నీ కోసం ప్రపంచమంతా కేకలు పెట్టింది. నేనూ పెట్టాను, దాచేదేముంది. 2021 మార్చి 18న స్నైడర్ 'జస్టిస్ లీగ్'గా వచ్చావు, 242 నిమిషాలు. టీవీలో పెట్టగానే రెండు పక్కలా నల్లగా, మధ్యలో పలకంత బొమ్మ. అమ్మ వంటింట్లోంచి వచ్చి "టీవీ పాడైందేంట్రా?" అంది. డైరెక్టర్ కావాలనే అలా పెట్టాడని చెప్పాను. "పెద్ద టీవీ కొంటావా అని ఏడాది సతాయించావు కదరా" అని వెళ్లిపోయింది. ఎప్పుడెప్పుడు తిడదామా అని కూర్చున్నాను. బావుంది. సగం మనిషి, సగం యంత్రమైన సైబోర్గ్ కథ చూస్తే ఈ కుర్రాణ్ణి ఆ 120 నిమిషాల్లో ఎలా తొక్కేశారా అనిపించింది. చివర్లో ఆ కూతురి పేరుతో అంకితం పడింది. రిమోట్ చేతిలోనే ఉంది, నొక్కలేదు. ఆ ఒక్కచోట నీతో నాకు గొడవ లేదు.

అక్కడితో వదిలేస్తే నువ్వు నువ్వెందుకవుతావు? వారం తిరక్కుండా, అదే మార్చి 25న, అదే సినిమా బ్లాక్ అండ్ వైట్‌లో వదిలావు. ఆదివారం పోస్టులన్నీ చదివాక మా వాడు అడిగింది ఆ మాటే. "మామయ్యా, గ్రే వెర్షన్ చూశావా? చూడకపోతే నీ ఒపీనియన్ లెక్కలోకి రాదు."

రెండుంపావుకి మొదలుపెట్టాం. ఆరు దాటాక అయిపోయింది. నిద్ర పోయింది, టీ చల్లారిపోయింది, బావ సోఫాలోనే గురక పెట్టాడు. మంటలు బూడిద రంగు, సముద్రం బూడిద రంగు, నా ముఖమూ అదే రంగు. అంతా చూసి మా వాడు ఒళ్లు విరుచుకుని తీర్పు చెప్పాడు. "కలర్‌దే బావుంది మామయ్యా."

మధ్యలో ఒక సంగతి జరిగింది, అసలు ఈ ఉత్తరం దానికోసమే రాస్తున్నాను. రెండో గంటలో ఊరికే ఉండలేక వాణ్ణి అడిగాను. "ఒరే, ముందు సినిమాలో ఆ కుర్చీలో బాంబు సూపర్‌మ్యాన్‌కి ఎందుకు కనపడలేదో తెలుసా?" ఎంత ఆలోచించినా చెప్పలేడని, అప్పుడు సీసం గురించి చెప్పి మామయ్య అనిపించుకుందామని నా ఆశ.

వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా, "అందులో ఏముంది, సీసం కదా" అన్నాడు.

వాడు చూసింది 182 నిమిషాలదే. 151 నిమిషాలది ఒకటుందని కూడా వాడికి తెలీదు. వాడి లోకంలో ఆ ఆటో లేదు, ఆ పందెం లేదు, ఆ ఏప్రిల్ 2 లేదు.

ఇట్లు,
తమ నిడివికి బలైన ఒక ప్రేక్షకుడు

తా.క.: మా రూమ్మేటు ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాడు. వాడి దగ్గర వసూలు కాదు, కాబట్టి బిర్యానీ బాకీ నీ ఖాతాలోనే రాసుకున్నాను. 160 రూపాయలు కాదు, ఇవాళ్టి రేటు. కావాలంటే సీసం డబ్బాలో కట్టి పంపు, వాసన పట్టి కనుక్కుంటాను. లెగ్ పీసు మాత్రం కట్ చెయ్యొద్దు.