ఏసీలో గ్యాస్ ఏటేటా అయిపోదు, ఆ వాట్సాప్ మెసేజ్ నమ్మకుండ్రి

మా చుట్టాల గ్రూపుల, కాలనీ గ్రూపుల, ఆఖరికి పిల్లల స్కూల్ గ్రూపుల కూడా పది రోజుల సంది ఒకటే మెసేజ్ తిరుగుతున్నది. "ఏసీ ఉన్నోళ్లకు ముఖ్య గమనిక" అని మొదలైతది. ఎండకాలం రాకముందే ప్రతి ఏడు గ్యాస్ నింపియ్యాలెనట, 18 మీద పెడితే రూము జల్ది సల్లబడ్తదట, గంటకోసారి ఆపి మళ్ల ఏస్తే కరెంటు మిగుల్తదట, బయటి యూనిట్ మీద రోజూ నీళ్లు కొట్టాలెనట, ఏసీతోని కూలర్ కూడా ఏస్తే డబుల్ సల్లదనమట, ఫైవ్ స్టార్ ఏసీకి ఎంత వాడినా జీరో బిల్లేనట. దీన్ని నమ్మి మా బాబాయి గ్యాస్ నింపెటాయనను శనివారం రమ్మన్నడని తెల్సినంక ఇగ ఊకోబుద్ధి కాలే, అందుకే కూసొని రాస్తున్న.

ముందుగాల గ్యాస్ సంగతి, ఎందుకంటే మనోళ్ల పైసలు ఎక్కువ పోయేది ఇక్కడనే. ఏసీ గ్యాస్ బండిల పెట్రోల్ లెక్క కాలిపోయేది కాదు. మూసేసిన రాగి పైపులల్ల తిరుగుతనే ఉంటది, లోపల ఆవిరై రూముల వేడిని గుంజుకుంటది, బయటికి పోయి ఆ వేడిని వదిలి మళ్ల నీళ్ల లెక్క అయితది. పైపులు, జాయింట్లు గట్టిగుంటే ఏండ్లకేండ్లు అదే గ్యాస్ నడుస్తది. తగ్గిందంటే ఎక్కడనో లీకున్నట్టు, లీకు సూడకుంట నింపితే ఓటి కుండల నీళ్లు పోసినట్టే.

మా ఇంట్ల ఇదే అయింది. మాది మిర్యాలగూడ, మూడు ఎండకాలాలు వరుసగా గ్యాస్ నింపిచ్చిన, వచ్చినాయన మీటర్ తగిలిచ్చి "తక్కువున్నది సార్" అంటడు, నింపుతడు, రెండున్నర వేలు తీస్కపోతడు, మళ్ల ఏడాదికి అదే కథ. నాలుగోసారి వేరే పిల్లగాడు వచ్చిండు. వాడు గ్యాస్ ముచ్చటే తియ్యలే, గిన్నెల సబ్బు నురగ చేపిచ్చుకొని పాత బ్రష్‌తోని బయటి యూనిట్ కాడి జాయింట్లకు పూసి సూస్కుంట కూసున్నడు. నిమిషం గడిచినంక సన్న పైపు నట్టు కాడ బియ్యపు గింజంత బుడగ లేసింది, పగిలింది, మళ్ల అక్కడనే లేసింది. మూడేండ్ల పైసలు ఆ బుడగలకెల్లే పోయినయి! పైపు కొస కోసి కొత్తగ వెడల్పు చేసి నట్టు బిగిచ్చిండు, వ్యాక్యూమ్ పంపు పెట్టి అరగంట లోపలి గాలి, తేమ గుంజిండు, సిలిండర్‌ను కాటా మీద పెట్టి యూనిట్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములు రాసున్నదో అన్నే ఎక్కిచ్చిండు. అటెన్కల రెండు ఎండకాలాలు దాటినయి, మళ్ల గ్యాస్ మాటే లేదు.

అందుకని మీ ఇంటికి ఎవరొచ్చినా లీకెక్కడ, పంపు తెచ్చినవా, కాటా తెచ్చినవా అని అడుగుండ్రి. అందాజగ ఎక్కువ ఎక్కిస్తే కంప్రెసర్ మీద భారం పడి కరెంటు ఇంకెక్కువ గుంజుతది. ఇప్పుడు ఎక్కువగ వస్తున్న ఆర్32 గ్యాస్‌కు కొద్దిగ అంటుకునే గుణం కూడా ఉన్నది, ఆ పని నడుస్తుంటే దగ్గర బీడీ సిగరెట్లు ముట్టియ్యనియ్యద్దు.

ఇంకో మాట, లోపలి యూనిట్‌కు ఐస్ పట్టంగనే "గ్యాస్ తక్కువైంది" అంటరు గానీ ఫిల్టర్ మూసుకపోయినా అదే ఐస్ పడ్తది. మా దిక్కు రైసు మిల్లుల ఊక బూడిద గాలికి కొట్టుకొచ్చి మిద్దె మీద నల్లగ పరుచుకుంటది, అదే ఫిల్టర్ జాలికీ పడ్తది. పదిహేను రోజులకోసారి జాలి తీసి నల్ల కింద పెట్టి కడిగి నీడకు ఆరబెడితే సాలు, దానికి మెకానిక్ అక్కర్లేదు.

18 ముచ్చట. మామూలు ఏసీ కంప్రెసర్ నడిస్తే ఫుల్లు, లేకుంటే బంద్, మీరు 18 పెట్టినా 24 పెట్టినా సల్లబడే స్పీడు ఒకటే, కాకపోతే 18 పెడితే మన మే నెల ఎండల్ల అది ఎన్నడూ ఆగదు. అవసరాన్ని బట్టి కంప్రెసర్ స్పీడు మార్చుకునే ఇన్వర్టర్ ఏసీ కూడా రూము బాగ వేడున్నప్పుడు ఏది పెట్టినా జోరుగనే మొదలైతది, 24 దగ్గరికి వస్తుంటే నెమ్మదిస్తది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగుల్తదని కేంద్రం కింద ఉన్న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్తది, 2020 జనవరి సంది ఏసీలు డీఫాల్టుగ 24 మీదనే రావాలెనని రూలు కూడా పెట్టిన్రు. 26 పెట్టి పైన ఫ్యాన్ ఒకటి రెండు మీద తిప్పి సూడుండ్రి, అదే హాయి.

గంటకోసారి ఆపుడు అయితే ఇన్వర్టర్ ఏసీకి అస్సలు పనికి రాదు, అది తక్కువ మీద నడిచేటప్పుడే మిగుల్తది. రెండు మూడు గంటలు బయటికి పోతే బంద్ చెయ్యాలె, అది వేరే సంగతి.

ఇగ నీళ్లు కొట్టుడు, ఇది మన నల్గొండ జిల్లాల మరీ తప్పు. మన బోరు నీళ్లు ఎట్లుంటయో మనకు తెల్వదా, గీజర్ రాడ్‌కు పట్టే తెల్లటి పెచ్చు సూస్తనే ఉంటిమి గదా. అవే నీళ్లు నడుస్తున్న యూనిట్ మీద రోజూ కొడితే సన్నటి అల్యూమినియం రేకుల నడుమ ఉప్పు పేరుకపోయి గాలి పోను సందు ఉండదు. మెయిన్ బంద్ చేసి ఏడాదికి రెండుసార్లు మిషన్ భగీరథ నల్లా నీళ్లతోని మెల్లగ కడుగుండ్రి. ఎండ తగుల్తదని కొందరు గోనె సంచులు కప్పుతున్నరు, అది ఇంకా నష్టం, వేడి గాలి బయటికే పోదు. నీడ కావాలంటే పైన ఎడం ఇచ్చి రేకు ఏసుకోవచ్చు.

కూలర్ పనే గాలిల తేమ కలుపుడు, ఏసీ అదే తేమను నీళ్లు చేసి పైపుకెల్లి బయటికి పంపుతది, రెండూ ఒకే రూముల పెడితే ఒకటి పోసింది ఇంకోటి తోడాలె. కూలర్ ఏస్తే కిటికీ తెరిచి ఏసుకోండ్రి, ఏసీ ఏస్తే మూసుకోండ్రి.

ఆఖరిది జీరో బిల్లు. మన తెలంగాణ సర్కారు గృహజ్యోతి ఫ్రీ కరెంటు అనేది నెలకు 200 యూనిట్ల దాక, తెల్లకార్డు ఉన్నోళ్లకు, దానికి స్టార్లతోని సంబంధం లేదు. ఏసీ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటది సూడుండ్రి, అది 1600 గంటల లెక్క. 800 ఉంటే గంటకు అర యూనిట్ అన్నట్టు, కానీ ఆ లెక్క బయట 24 నుంచి 43 డిగ్రీల దాక ఉన్న వాతావరణాలన్నీ కలిపి కట్టిన సగటు. రోహిణి కార్తెల మన దగ్గర 44, 45 కొడుతుంటే అర యూనిట్‌తోని ఎట్ల ఆగుతది? అర యూనిట్ అనే అనుకున్నా రోజుకు 8 గంటలకు నెలకు 120, దాని మీద ఫ్రిజ్జు, మోటరు, ఫ్యాన్లు, 200 దాటుడు ఎంతసేపు? దాటిందంటే మొత్తం బిల్లు కట్టుడే.

పైన స్లాబే ఉన్నోళ్లు ముందుగాల మిద్దెకు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో ఏపిచ్చుకోండ్రి, సర్కారు 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

బాబాయికి ఫోన్ చేసిన, శనివారం ఆ గ్యాసాయనను రావద్దని చెప్పమన్న. ఆదివారం పొద్దుగాల నేనే పోత, ముందు ఫిల్టర్ కడుగుత, అప్పటికీ సల్లబడకపోతే సబ్బు నురగ పూసి సూస్త.