మీ ఫోల్డర్‌కు మీరెవరు?

కంప్యూటర్‌కు ఫార్మాట్ కొట్టించుకున్న ప్రతి పౌరుడూ ముందుగా విండోస్‌కు దండం పెట్టుకోవాలి. మన ఆస్తిని మన నుంచే ఇంత శ్రద్ధగా కాపాడే వ్యవస్థ మరొకటి లేదు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ షాపుకెళ్లినా జరిగేదే. కుర్రాడు సీ డ్రైవ్ తుడిచేసి కొత్త విండోస్ వేస్తాడు. "డీ డ్రైవ్ ముట్టుకోలేదు సార్, మీ డేటా సేఫ్" అంటాడు. నిజంగానే సేఫ్. ఇంటికొచ్చి కోవూరు పొలం కాగితాల స్కాన్లు, మైపాడు బీచ్‌లో పిల్లల ఫొటోలు ఉన్న ఫోల్డర్ మీద నొక్కితే, తెరవడానికి మీకు అనుమతి లేదంటుంది. దాని కిందే, కంటిన్యూ నొక్కితే శాశ్వతంగా అనుమతి వస్తుందంటుంది. కాదని, ఆ వెంటనే సరేనని ఒకే కాగితం మీద రాసివ్వగల ఆఫీసు మన జిల్లాలో ఇంకా రాలేదు. నొక్కాక "సెక్యూరిటీ ట్యాబ్‌కు వెళ్లండి" అని పక్క కౌంటర్‌కు పంపడం మాత్రం మనకు అలవాటైన పద్ధతే.

"నేనేనయ్యా, పేరు అదే, పాస్‌వర్డ్ అదే" అంటే కుదరదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన, డిస్క్‌లో ఫైళ్లను సర్దిపెట్టే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైలు మీద యజమాని పేరు ఉండదు. ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగాటి నంబరు ఉంటుంది. విండోస్ మళ్లీ వేస్తే మీకు కొత్త నంబరు పడుతుంది. పాత నంబరుతో ఉన్న మీరు 'గుర్తు తెలియని ఖాతా'.

కందుకూరును చూడండి. నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఇన్నిసార్లు బోర్డులు మారినా కందుకూరు పెద్దాయన తన వంటింట్లోకి వెళ్లడానికి ఎవరి అనుమతీ అడగలేదు. అంత కట్టుదిట్టం మన రెవెన్యూ శాఖకు చేతకాలేదు, పాపం.

నంబరు మారేది యూజర్ల సొంత ఖాతాలకే. సిస్టమ్ మీద పెత్తనం ఉన్న అడ్మినిస్ట్రేటర్ల గుంపుది ఎస్-1-5-32-544. ఉదయగిరిలోనైనా అమెరికాలోనైనా, ఎన్ని ఫార్మాట్లు కొట్టినా అదే. ఆ హోదా ఉన్నవాడెవడైనా ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఓనర్ పక్కన చేంజ్ నొక్కి తన పేరు రాసుకోవచ్చు. లోపలి ఫోల్డర్లకూ వర్తించేలా టిక్ పెడితే సరి. ఓపిక లేనివాడు ఓనర్‌ను మార్చే టేకోన్, అనుమతులిచ్చే ఐకాక్ల్స్ కమాండ్లు కొడతాడు. పాత ఓనరు సంతకం అక్కర్లేదు, సాక్షులూ అక్కర్లేదు. ఇంట్లో ఒక్క యూజరే ఉంటే ఆ హోదా మీదే, కంగారు పడకండి. కానీ మీ డిస్క్ ఊడదీసి తన సిస్టమ్‌కు తగిలించుకున్నవాడికీ అదే హోదా. పెన్‌డ్రైవ్‌లో విండోస్‌కు బదులు నడిచే లినక్స్ వేసుకొచ్చినవాడినైతే ఈ కాపలా అసలు పలకరించదు. బుద్ధిగా డబుల్ క్లిక్ చేసే యజమానిని మాత్రం గేటు దగ్గరే నిలబెడుతుంది.

అసలైన తాళం బిట్‌లాకర్, డ్రైవ్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే కీ లేనిదే చదవలేని కోడ్‌గా మార్చి ఉంచే విండోస్ ఏర్పాటు. అక్కడ ఎవరి పప్పులూ ఉడకవు. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ తాళం దానంతటదే పడుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళుతుంది. ఆ అకౌంట్ ఏదంటారా? ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపులో ఎవరో హడావుడిగా తెరిచిపెట్టినది. ఇక ఒక్కో ఫైలుకు విడిగా తాళం వేసే ఈఎఫ్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లకు తాళంచెవి లాంటి పాత సర్టిఫికెట్ లేకపోతే ఓనర్‌షిప్ రాసుకున్నా ఫలితం లేదు. పట్టా మీ పేరు మీదే ఉంటుంది, పొలంలోకి దారి ఉండదు.

నెల్లూరు రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె పంచుకుంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు పుచ్చుకుంటారు. ఇకమీదట బ్యాకప్ రొట్టె కూడా ఉండాలని మనవి. పుచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. ఫార్మాట్‌కు ముందే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి అన్నీ కాపీ చేసుకుని, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ధైర్యంగా రొట్టె ఇవ్వగల మనిషిని వెతకడానికే ఒక కమిటీ వేయాలి.