చెన్నై మెడికల్ షాపులకు ఒక వందనం

మన సంస్కృతి ఇంకా నిలబడి ఉందంటే అది గుళ్ల వల్లో, టీవీ ప్రవచనాల వల్లో అనుకునేవాళ్లు ఒకసారి చెన్నై వచ్చి, ఏ మెడికల్ షాపులోనైనా అత్యవసర గర్భనిరోధక మాత్ర అడిగి చూడాలి. బిల్లు కొడుతున్న చెయ్యి ఆగుతుంది. కళ్లు మెడ దగ్గరికి వెళ్లి మంగళసూత్రం వెతుకుతాయి. ఉన్నా లేకపోయినా చాలా షాపుల్లో జవాబు ఒకటే: "ఇల్లైమ్మా" (లేదమ్మా). పెళ్లయినవాళ్లనీ కానివాళ్లనీ ఇంత సమానంగా చూసే వ్యవస్థ దేశంలో ఇంకొకటి చూపించండి.

నిషేధం ఉందా అంటే, లేదు. ఈ మాత్రను (మందు పేరు లెవోనార్జెస్ట్రెల్) డాక్టరు చీటీ లేకుండానే అమ్మవచ్చని 2005లోనే తేల్చారు. మేమేమీ నిషేధించలేదని తమిళనాడు ఔషధ నియంత్రణ అధికారులూ చెబుతూనే వచ్చారు. అసలు గొప్పతనం అక్కడే ఉంది. నిషేధం ఉంటే కోర్టుకెళ్లి కొట్టేయించుకోవచ్చు. లేని నిషేధాన్ని ఏ జడ్జి కొట్టేస్తాడు?

ఈ మాత్రకు తొందరెక్కువ. అండం విడుదలను వాయిదా వేయడం దాని పని కాబట్టి కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకోవాలి, అందులోనూ ఎంత ముందైతే అంత మంచిది. మన షాపులకు ఈ తొందరపాటు నచ్చదు. వేళచేరి, అడయారు, మైలాపూరు తిరుగుతూ నిదానంగా ఆలోచించుకో తల్లీ అంటాయి. శనివారం రాత్రి కండోమ్ చిరిగిన దంపతులు సోమవారం సాయంత్రానికి కూడా ఆలోచిస్తూనే ఉంటారు. (ఆ చిరిగిన సరుకు మాత్రం అదే కౌంటర్ మీద, స్ట్రాబెర్రీ వాసనతో దొరికింది. మగవాళ్ల సామానుకు సంస్కృతితో పేచీ ఉండదు.)

"కడుపు పోగొట్టే మందులు మేం అమ్మం" అని కొందరు ధర్మాగ్రహంతో అంటారు. ఇది కడుపు పోగొట్టదు, అప్పటికే గర్భం నిలిచి ఉంటే దానికేమీ కాదు. కానీ ఫార్మసీ చదువుకున్న మనిషికి మనం చెప్పడం మర్యాద కాదు. ఈ మాత్ర దొరక్క రెండు నెలల తర్వాత ఎవరైనా నిజంగానే అబార్షన్ కోసం తిరిగితే, అది వేరే డిపార్ట్‌మెంటు. దేశంలో చాలా ఊళ్లలో ప్రభుత్వమే ఆశా కార్యకర్తల సంచిలో ఇదే మాత్ర పెట్టి పంపుతోందన్న సంగతి కూడా ఆయన దగ్గర ఎత్తకండి. బాధపడతాడు.

కాబట్టి ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం ఒక్కటే దారి. ఇందులోనూ చిక్కుంది. పారాసిటమాల్ ఉంచుకున్నవాళ్లను జ్వరం కోసం ఎదురుచూస్తున్నారని ఎవరూ అనరు. ఈ మాత్ర బీరువాలో కనిపిస్తే మాత్రం అత్తగారు "ఏమే అమ్మాయ్, ఇదేంది?" అని మొదలుపెట్టి, కొడుకు రాగానే తలనొప్పి తెచ్చుకుంటారు. కొడుక్కి ఆ మాత్రతో ఏ సంబంధమూ లేదని ఇంటిల్లిపాదీ నమ్ముతారు.

నిల్వ చేసేవాళ్లు ఎండ తగలనివ్వకూడదు, ఎక్స్‌పైరీ తేదీ చూసుకోవాలి. ఇది నెలనెలా వాడే మాత్ర కాదు, సుఖవ్యాధుల నుంచీ కాపాడదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతైతే మళ్లీ వేసుకోవాలి. అంటే రెండు ఉండాలి. అంటే స్మగ్లింగులో మీకు ప్రమోషన్ వచ్చినట్టే.

దేవుడు చెన్నైలోని తెలుగువాళ్లకు ఆంధ్ర సరిహద్దు దగ్గరలోనే పెట్టాడు. చెన్నై ఓఎమ్మార్ రోడ్డులోని మా అపార్ట్‌మెంటులో నెల్లూరు వెళ్లేవాళ్లతో సరుకులు తెప్పించుకునే వాట్సాప్ గ్రూపు ఉంది. మలై కాజాల కింద ఆడవాళ్లు "చిన్న కాజాలు: 2" అని రాస్తుంటారు. అడగరు, చెప్పరు, వచ్చేస్తాయి. మొన్న మూడో అంతస్తు రిటైర్డ్ అంకుల్ తనకూ అరకేజీ చిన్న కాజాలు కావాలని రాశారు. ఏం తెచ్చివ్వాలో గ్రూపు ఇంకా తేల్చలేదు.