సెక్షన్ ఆరులో కాపురముంటున్న ఇడియట్ గారికి

శ్రీయుత ఇడియట్ గారికి,
కేరాఫ్ లిమిటేషన్ చట్టం (దావాలకు గడువు పెట్టే చట్టం), 1963.

బెజవాడ నుంచి ఒక అక్క నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు. 1908 నాటి చట్టంలోంచి పెట్టేబేడా సర్దుకుని 1963 చట్టంలో దిగారు. ఇప్పటిదాకా ఖాళీ చేయమన్నవాళ్లు లేరు. ఐపీసీ 305లో ఇదే పేరుతో ఉండే మీ తమ్ముణ్ని మాత్రం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సాగనంపింది. 2024 జులై 1 నుంచి ఆ ఇంట్లో 'మతిస్థిమితం లేని వ్యక్తి' ఉంటున్నాడు. ఆయనదీ అంత మర్యాదైన పేరేం కాదనుకోండి.

ఇక మా తమ్ముడి సంగతి. నాయనమ్మ వాడి పేరున రాసిన మూడు సెంట్లలో బాబాయి రేకుల షెడ్డు వేసి పద్నాలుగేళ్లయింది. దావాకి గడువు పన్నెండేళ్లే, అది దాటాక ఎలా అని నేను టెన్షన్ పడుతుంటే, గవర్నర్‌పేటలో ప్లీడరు గారు నవ్వేశారు. "సెక్షన్ ఆరు ఉందిగా అమ్మా! ఆ స్థితి ఉన్నన్నాళ్లూ గడువు లెక్క మొదలవదని ముగ్గురికి వెసులుబాటు: మైనర్, ఇన్‌సేన్, ఇడియట్..." అని పైకే చదివారు. మూల కుర్చీలో బాదంపాలు తాగుతున్న మావాడు మూడో మాటకి గ్లాసు దించి, "ఆఁ" అని పలికాడు. వీధిలో కుర్రాళ్లు వాణ్ని పిలిచేది ఆ పేరుతోనే. పెదవి మీద మీగడ అలాగే ఉంది. ప్లీడరు గారు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

తమరి మీద కోప్పడదామన్నా కుదరడం లేదు. స్థలం నిలబెట్టేది తమరే మరి! మైనరు పద్దెనిమిది నిండితే తప్పుకుంటాడు, పిచ్చి కుదిరితే రెండో ఆయనా తప్పుకుంటాడు. తమరు మాత్రం చచ్చేదాకా తోడుంటారు. మా చుట్టాల్లో ఇంత నమ్మకస్తుడు లేడు.

వాడి సదరం సర్టిఫికెట్‌లో 'మేధో వైకల్యం' అని ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలకు పేర్లు పెట్టింది, అందులో తమరు లేరు. పింఛను దగ్గర వాడు 'విభిన్న ప్రతిభావంతుడు' (అలా బోర్డు మార్చిన ఆఫీసులో మెట్లు మాత్రం పాతవే, ర్యాంపు లేదు). కోర్టుకొచ్చేసరికి మళ్లీ తమరే. ఆధార్ కార్డు మాత్రం ఒక్కటే.

ఆ వెసులుబాటు అక్కడే వదిలేసి, తమరొక్కరూ బయల్దేరండి.

దావా కాగితం టైపు చేయించాను, కింద సంతకం నాదే. తేదీ దగ్గర ఖాళీ ఉంచాను. ఈలోగా పార్లమెంటు తమరిని పంపించేస్తే, ఆ పేజీ మళ్లీ కొట్టించే ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
వాడి అక్క