పంటి బిగువున భరించమనేవాళ్ళకు

ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చిన ఫార్వర్డ్ ఇది: “పంటి డాక్టరంటే భయం ఒట్టి మనోభ్రమ. భయమని డాక్టరుకు చెప్పకండి, లోకువైపోతారు. ఖాళీ కడుపుతో వెళ్ళండి. నొప్పి తెలిసినా రెండు నిమిషాలు పంటి బిగువున భరిస్తే ఆ ఒక్కసారితో భయం పోతుంది. పిల్లలకైతే నొప్పే ఉండదని చెప్పి తీసుకెళ్ళండి.”

పంపినవాళ్ళు మంచి మనసుతోనే పంపారు. కానీ నేను పంటి డాక్టర్ని, రోజంతా ఆ కుర్చీ పక్కన కూర్చునే పని నాది. ఈ సలహా నమ్మి వచ్చినవాళ్ళ అరచేతుల చెమట చూస్తూ ఊరుకోలేకపోయాను.

ముందు మనోభ్రమ సంగతి. 1969లో నార్మన్ కోరా అనే పరిశోధకుడు ఈ భయాన్ని కొలవడానికి నాలుగు ప్రశ్నలు తయారుచేశారు: రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది, వెళ్ళి బయట కూర్చున్నప్పుడు ఎలా ఉంటుంది, డ్రిల్ చేయబోతుంటే, పళ్ళు శుభ్రం చేయబోతుంటే ఎలా ఉంటుంది అని. 1995లో హంఫ్రిస్ అనే మరో పరిశోధకుడి బృందం దానికి సూది గురించిన ఐదో ప్రశ్న చేర్చింది. మొత్తం మార్కులు 5 నుంచి 25. పందొమ్మిది, ఆపైన వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు. లేనిదాన్ని ఎవరూ ఇంత ఓపిగ్గా కొలవరు. నేను విన్న కథల్లో చాలావాటికి మొదలు కూడా ఒకటే: ఎప్పుడో చిన్నప్పుడు మత్తు సరిగ్గా ఎక్కలేదు, ఏడ్చినా డాక్టరు ఆపలేదు.

“లోకువైపోతారు” అన్న మాట మాత్రం పూర్తిగా గాలిమాట కాదు. మా వృత్తిలో ఆ తప్పుంది. నోరు తెరవగానే “ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారండీ?” అని గద్దించేవాళ్ళం తక్కువేం లేము. భయపడి మానేస్తే పుప్పి పెరుగుతుంది, పుప్పి పెరిగితే చికిత్స పెద్దదవుతుంది, పైగా నోరు చూపించడానికే సిగ్గేస్తుంది, దాంతో మళ్ళీ మానేస్తారు. బెర్‌గ్రెన్ అనే పరిశోధకుడు 1984లోనే ఈ విషవలయాన్ని వివరించారు. ఆ గద్దింపు ఈ వలయాన్ని ఇంకో చుట్టు తిప్పుతుంది, అంతే.

అయినా చెప్పాలి. చెబితే కుర్చీ దగ్గర జరిగే పనే మారిపోతుంది. ఎదురుచూసే పని లేకుండా పొద్దున్నే మొదటి సమయం ఇస్తాం. సూదికి ముందు చిగురు మీద మొద్దుబారే జెల్ రాసి, ఒకటి రెండు నిమిషాలు నిజంగానే ఆగుతాం. హడావిడిలో ఎగిరిపోయేది ఈ ఆగడమే. మందు ఎంత మెల్లగా ఎక్కిస్తే సూది అంత తక్కువ తెలుస్తుంది, 1.8 మిల్లీలీటర్ల గొట్టం ఖాళీ కావడానికి రెండు నిమిషాలు పట్టినా తప్పులేదు. చాలా మత్తుమందుల్లో కాస్త ఎడ్రినలిన్ కలుస్తుంది. దానివల్ల కాసేపు గుండె దడదడలాడొచ్చు. ముందే చెబితే “ఓహో, ఇదేనా” అనుకుంటారు. చెప్పకపోతే ప్రాణం పోతోందనుకుంటారు. అన్నిటికన్నా పనిచేసేది మీ ఎడమ చెయ్యి. అది పైకి లేచిందంటే నేను ఆపాలి. ఒకసారి లేపి చూసి, నేను నిజంగా ఆపానని తేలాక చాలామంది మళ్ళీ లేపనే లేపరు.

ఖాళీ కడుపా? అలా వస్తే కళ్ళు తిరిగే అవకాశం ఎక్కువ. పంటి చుట్టూ మాత్రమే మత్తిచ్చే పనులకు మామూలుగా తినే రండి. పూర్తి మత్తో, గాఢమైన నిద్రమత్తో ఇస్తామన్నప్పుడే పస్తు. ఎన్ని గంటలో డాక్టరే చెబుతారు.

ఇక పంటి బిగువున భరించడం. (నోరు బార్లా తెరిచి పడుకున్నవాళ్ళు పళ్ళెలా బిగించాలో సందేశం రాసినవారే చెప్పాలి.) లోపలి నరం బాగా వాచి ఉన్నప్పుడు, ముఖ్యంగా కింది దవడ పళ్ళకు, పెదవి మొద్దుబారినా పన్ను మొద్దుబారకపోవచ్చు. అది మీ పిరికితనం కాదు, మందు ఇంకా సరిపోలేదని అర్థం. నొక్కుతున్నట్టు, కదుపుతున్నట్టు తెలుస్తుంది. పోటు మాత్రం తెలియకూడదు. తెలిస్తే చెయ్యి లేపండి, ఇంకోచోట మత్తిస్తాం. ఓర్చుకుంటే భయం పోదు, “నేను అనుకున్నంతా అయింది” అని మనసు ఇంకా గట్టిగా రాసుకుంటుంది. భయం పోయేది మెట్టుమెట్టుగా. ఒకాయన మొదటిరోజు కుర్చీలో ఊరికే కూర్చుని వెళ్ళిపోయారు. రెండోసారి అద్దం మాత్రమే నోట్లో పెట్టనిచ్చారు. పన్ను పని నాలుగోసారికి మొదలైంది. మరీ తీవ్రమైన భయానికి మానసిక నిపుణుల దగ్గర ఇదే పద్ధతిలో నడిచే చికిత్స ఉంది. అన్నట్టు, 1844లో నొప్పి తెలియకుండా నవ్వుల గ్యాస్ (నైట్రస్ ఆక్సైడ్) పీల్చి తన పన్ను పీకించుకున్న హొరేస్ వెల్స్ స్వయానా దంతవైద్యుడు. భరించడం ఆయనకే ఇష్టం లేకపోయింది!

పిల్లలకు అబద్ధం చెప్పకండి. “నొప్పే ఉండదు” అంటే వాళ్ళ చెవిలో పడేది “నొప్పి” ఒక్కటే. పైగా సూది చురుక్కుమందంటే ఆ రోజుతో మీ మాటా పోయె, మా మాటా పోయె. “పళ్ళు చూస్తారు, లెక్కపెడతారు” అనండి చాలు. మిగతాది మేం చెప్పి, చూపించి, తర్వాతే చేస్తాం. మాట వినకపోతే డాక్టరుతో సూది వేయిస్తానని ఇంట్లో బెదిరించడం మాత్రం మానండి.

ఎదురుగా చెప్పడానికి మొహమాటమైతే, సమయం కోసం ఫోన్ చేసినప్పుడే చెప్పేయండి: “నాకు సూదంటే భయం, చెయ్యి లేపితే ఆపాలి.” అవతల నవ్వు వినబడితే ఇంకో డాక్టరును వెతుక్కోండి.