పాత పాట పెడితే డిమెన్షియా వెనక్కి వెళ్లదు

డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు ఉన్నవాళ్ల గురించి వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. ఇష్టమైన పాత పాట పెట్టి రోజూ అరగంట డ్యాన్స్ చేయిస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని, ఎంత హుషారుగా ఆడిస్తే అంత గుణమని, ఇక మందులతో పనిలేదని దాని సారాంశం. పాటా ఆటా ఈ జబ్బులో నిజంగానే మేలు చేస్తాయి. కానీ ఆ మేలు ఏదో తెలియకుండా లేనిదాన్ని ఆశించి చేయిస్తే మనిషి కింద పడతారు, బెదిరిపోతారు. ఇంట్లోవాళ్లు ఫలితం లేదని కొన్నాళ్లకే మానేస్తారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

"జ్ఞాపకశక్తి తిరిగి వస్తుంది"

రాదు. దీనికి సాక్ష్యంగా చాలామంది చూపించేది 2020లో ప్రపంచమంతా చూసిన స్పెయిన్ వీడియో. చక్రాల కుర్చీలో ఉన్న ఒక వృద్ధ బాలే నర్తకి సంగీతం వినగానే చేతులతో నాట్యం మొదలుపెడుతుంది. ఆమె కదలిక నిజమే. మధ్యలో వేదిక మీద ఆడుతున్న యువ నర్తకి దృశ్యాలు మాత్రం ఆమెవి కావు, మరొకరివి. పైగా అందులో మనం చూసేది అప్పటిదాకా పోకుండా మిగిలి ఉన్న జ్ఞాపకం.

నిన్న ఏం జరిగిందో దాచుకునే మెదడు భాగాలు డిమెన్షియాలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతింటాయి. వందలసార్లు విన్న పాట, ఒంటికి అలవాటైపోయిన కదలిక వేరే భాగాల మీద ఆధారపడతాయి. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, చిరకాలంగా తెలిసిన సంగీతాన్ని గుర్తుపట్టే ప్రాంతాలు అల్జీమర్స్ రోగుల మెదడులో మిగతా చోట్లకన్నా తక్కువగా కుంచించుకుపోయినట్టు తేలింది. అందుకే మనవరాలి పేరు చెప్పలేని మనిషి చరణం చివరిదాకా పాడగలుగుతారు. పాట అయ్యాక ఆ పేరు గుర్తుకొస్తుందని కాచుకుని కూర్చుంటే నిరాశే. "ఇది ఏ పాటో చెప్పు, ఎవరు పాడారో చెప్పు" అని అడగడం ఇంకా చెడ్డ పని. సంతోషంగా పాడుతున్న మనిషిని పరీక్షలో కూర్చోబెట్టినట్టవుతుంది.

మరి దక్కే మేలేమిటి? డిమెన్షియా రోగులతో జరిగిన 22 సంగీత ప్రయోగాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2018లో ఒకచోట చేర్చి పరిశీలించింది. సంరక్షణ కేంద్రాల్లో ఉంటున్నవాళ్లకు కనీసం అయిదు సెషన్లు జరిగాక దిగులు, ప్రవర్తనలో ఇబ్బందులు తగ్గే అవకాశం ఉందని తేల్చింది. జ్ఞాపకశక్తిలో, ఆలోచనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. దిగులు తగ్గడం చిన్న సంగతి కాదు. రోజంతా ముడుచుకుని ఉండే మనిషి అరగంటసేపు పక్కవాళ్ల కళ్లలోకి చూసి నవ్వితే ఆ అరగంటే ఫలితం. మర్నాటికి ఆ పాటా ఆటా గుర్తులేకపోయినా అది వృథా పోలేదు.

"ఎంత హుషారుగా ఆడిస్తే అంత గుణం"

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. బ్రిటన్‌లో 494 మంది డిమెన్షియా రోగులతో చేసిన డాపా అనే ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్ల చేత నాలుగు నెలలపాటు వారానికి రెండుసార్లు గట్టి వ్యాయామం చేయించారు. ఒంట్లో సత్తువ పెరిగింది. ఏడాదికి పరీక్షిస్తే మాత్రం జబ్బు నెమ్మదించలేదు సరికదా, జ్ఞాపకశక్తి పరీక్షలో వ్యాయామం చేసినవాళ్లే కాస్త వెనకబడ్డారు. ఆ తేడా చాలా చిన్నది, దాన్ని చూసి కదలడం మానేయక్కర్లేదు. వ్యాయామం కాళ్ల బలానికి, నిలదొక్కుకోవడానికి, కుర్చీలోంచి తమంతట తాము లేవడానికి. వేగానికి కొలత ఒకటే: ఆడుతూ ఆయాసపడకుండా ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి.

జాగ్రత్తగా కనిపెట్టుకోవాల్సిన క్షణాలు మూడు. లేచేటప్పుడు, తిరిగేటప్పుడు, కూర్చోబోయేటప్పుడు. లేవగానే కొందరికి రక్తపోటు పడిపోతుంది. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ 1, 3 నిమిషాలకు మళ్లీ కొలవండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే నిలబడి చేసేవన్నీ ఆపి డాక్టరుకు చెప్పాలి. లెవీ బాడీ అనే రకం డిమెన్షియాలో ఇది తరచుగా కనిపిస్తుంది. రక్తపోటు సరిగ్గా ఉన్నవాళ్లు కూడా నిలబడే ముందు ఒక పాట అయ్యేదాకా కూర్చునే మడమలు, మునివేళ్లు మార్చి మార్చి ఎత్తాలి. గిర్రున తిరగడం, వెనక్కి అడుగులు, కాలు మీదుగా కాలు వేయడం తీసేయండి. కూర్చోబోయేటప్పుడు పిక్కలకు కుర్చీ అంచు తగలాలి, రెండు చేతులూ కుర్చీ చేతులను పట్టుకోవాలి, ఆ తర్వాతే ఒళ్లు వంచాలి.

కుర్చీకి చక్రాలు ఉండకూడదు, పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. నల్ల చాప నేల మీద గుంటలా కనబడుతుంది. దాన్ని దాటబోయి తూలతారు. నిగనిగలాడే నేల తడిగా ఉందనిపించి అడుగు వేయరు. ఇలా ఆగిపోయిన మనిషిని మొండితనమని లాగడమే చాలాసార్లు పడిపోవడానికి కారణం.

ఇలా పాటతో ఆడించే క్లాసు నడిపితే ఎనిమిది మంది చాలు, ముగ్గురికి ఒకరు చొప్పున సాయం ఉండాలి. 45 నిమిషాలకు మించవద్దు. సాయంత్రానికి కలవరం పెరిగేవాళ్లు చాలామంది కాబట్టి ఉదయం మేలు. మొదటి పాట, చివరి పాట ఎప్పుడూ మార్చకండి. ఏది మొదలవుతోందో, ఏది ముగుస్తోందో వాళ్లకు చెప్పేవి ఆ రెండే. నేర్పేవాళ్లు ఎదురుగా కూర్చుని అద్దంలో బొమ్మలా చేయాలి, అంటే ఎదుటివాళ్లు కుడి చెయ్యి ఎత్తాలంటే నేర్పేవాళ్లు ఎడమ చెయ్యి ఎత్తాలి. ఒకసారికి ఒకే సూచన. చెప్పాక మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. చాలామంది మూడు దగ్గరే మళ్లీ చెబుతారు, అదీ వేరే మాటల్లో. అప్పుడు వినేవాళ్లు మొదటి నుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. పాట మాటలు వినబడుతుండగా సూచనలు అసలే చెప్పకండి, చేసి చూపించండి.

"పాతదైతే ఏ పాటైనా సరే"

ఎవరికి పాత? పెట్టేవాళ్లు తమ చిన్నప్పటి పాటలు పెడతారు. మనసులో గట్టిగా నాటుకునేవి ఎక్కువగా పదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు విన్నవి. 1945లో పుట్టినవాళ్లకు ఆ వయసు 1955 నుంచి 1970 దాకా. 1985 నాటి పాట వాళ్లకు నలభై ఏళ్లప్పుడు వచ్చింది. పాట గొంతుకు అందకపోతే పాడలేరు కాబట్టి శ్రుతి తగ్గించండి. లయ వేగంగా ఉంటే రెండు దెబ్బలకు ఒక కదలిక చేయించండి. పాటల మధ్య ప్రకటనలు రాకుండా ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఒక్క అరుపులాంటి ప్రకటన చాలు అందరూ బెదరడానికి. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లను స్పీకరుకు ఆనుకుని కూర్చోబెట్టకండి.

కన్నీళ్లు వస్తే వెంటనే ఆపక్కర్లేదు, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంటే చాలు. పిడికిళ్లు బిగిసి, చూపు తలుపు వైపు పోతుంటే మాత్రం శబ్దం మెల్లగా తగ్గించి పాట మార్చండి. ఆ పాట పేరు రాసిపెట్టుకుని మళ్లీ ఆ మనిషికి వినిపించవద్దు.

"లేచి ఆడకపోతే లాభం లేదు"

కాలి బొటనవేలు లయకు కదలడమూ పాల్గొనడమే. చివరి దశలో పెదవులు కదలడం, ఊపిరి నెమ్మదించడం, కళ్లు శబ్దం వైపు తిరగడం దాకానే ఉండవచ్చు. చేతులు పట్టి బలవంతంగా ఊపితే కండరాలు ఎదురు బిగుసుకుంటాయి. మీ అరచేయి వాళ్ల చేతి కింద పెట్టి, వాళ్లు కదిలినంతే కదలండి.

"మందులతో పనిలేదు"

డాక్టరును అడగకుండా ఏ మందూ మానిపించకండి. ఈ జబ్బుకు ఇచ్చే డోనెపెజిల్ లాంటివి హఠాత్తుగా ఆపితే పరిస్థితి దిగజారవచ్చు. అవే మందులు కొందరిలో గుండె వేగాన్ని తగ్గించి కళ్లు తిరిగేలా చేస్తాయి కూడా. అందుకే మందు కొత్తగా మొదలైనా, మోతాదు పెరిగినా ఆ రోజే క్లాసు నడిపేవాళ్లకు చెప్పాలి. మందు ఒంటికి పడిందని తెలిసేదాకా ఆ మనిషికి కూర్చుని చేసే భాగమే.