"తల్లికే ఇస్తారు" అనే ఫార్వర్డ్‌కు ఒక మేనమామ జవాబు

విజయవాడ పేరెంట్స్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "విడిపోతే ఆటిజం పిల్లలను కోర్టు తల్లికే ఇస్తుంది. మాట రాని పిల్లాడి ఇష్టం లెక్కలోకి రాదు. తండ్రి 18 ఏళ్ల దాకా డబ్బు కడితే చాలు. తీర్పు వచ్చాక మారదు." ఆటిజం ఉన్న, మాట రాని మా మేనల్లుడు ఎవరి దగ్గర ఉండాలన్న మా అక్క కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. నేను తల్లి తరఫు వాణ్నే. అయినా ఇది తప్పు.

1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలంటుంది. ఆ "మామూలుగా"ను ఫార్వర్డ్ మింగేసింది. ఏ వయసులోనైనా బిడ్డ క్షేమమే ముందని 13వ సెక్షన్. మావాడికి ఎనిమిదేళ్లు. థెరపీకి ఎవరు తీసుకెళ్తున్నారు, రాత్రి నిద్రపోకపోతే ఎవరు లేస్తున్నారు, మా లాయరు గారు అడిగినవి ఇవే. థెరపీ సెంటర్ హాజరు జిరాక్సులు తెమ్మన్నారు.

ఇక ఇష్టం సంగతి. ఆలోచించి చెప్పగల వయసొచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు చూడవచ్చని 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ అంటుంది. నోటితోనే చెప్పాలని అందులో లేదు. నెలకు రెండు శనివారాలు మా బావ వాణ్ని కోర్టు ఆవరణలో చూస్తాడు. మొదటిరోజు ఆ గోలకి వాడు చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడు. "నాన్నంటే భయం" అనేసింది మా అమ్మ. బావ పిలవలేదు, లాగలేదు. నేల మీద కూర్చుని నీళ్ల సీసా మూతను బొంగరంలా తిప్పి వదిలాడు. కాసేపటికి బెంచీ కింద నుంచి చిన్న చెయ్యి వచ్చింది. మూత తీసి ఆయన అరచేతిలో పెట్టింది. మావాడి భాషలో అది "మళ్లీ". బావ మీద నా కోపం పోలేదు, కానీ చూసింది చూడలేదనలేను. ఇలాంటివి వాడి థెరపిస్టు రిపోర్టులో రాయగలరు.

18తో డబ్బు ఆగిపోదు. మానసిక, శారీరక కారణాల వల్ల సొంతంగా బతకలేని బిడ్డకు ఆ తర్వాత కూడా భరణం అడగవచ్చు. 2023 భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ చూడండి. 18 దాటాక గార్డియన్ కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి, అది వేరే పని.

తీర్పు మారదన్నదీ అబద్ధమే. పిల్లల ఉత్తర్వులను మార్చమని అడగవచ్చు, మేమూ అదే పనిలో ఉన్నాం, కోర్టు ఆవరణ బదులు వేరే చోట కలిసేలా. రాజీవ్ గాంధీ పార్కులో కలుస్తానన్నాడు బావ. బస్టాండు హారన్లకి వీడు తట్టుకోలేడంది అక్క. చివరికి మొగల్రాజపురంలో మా ఇంటి మేడ మీద, పొద్దున ఏడింటికి. లాయర్లు కోర్టుకు ఇవ్వడానికి మెమో రాస్తున్నారు.